పాత చీర ఫ్రీ కావచ్చు, మన చెయ్యి ఫ్రీ కాదు

(సమాఖ్య వార్షిక మహాసభలో మా సంఘం తరపున చెప్పిన మాటలు)



పాత బట్టలతోటి మేము చేసే పని గురించి నాలుగు మాటలు చెప్పమన్నరు. సంచులు, పర్సులు, కాళ్లు తుడుచుకునే పట్టాలు, జుట్టుకు పెట్టుకునే బ్యాండ్లు, చెవులకు పెట్టుకునే గుడ్డ కమ్మలు, పట్టుదారం చుట్టిన గాజులు చేస్తున్నం. కొన్ని ఇక్కడ బల్ల మీద పెట్టినం, సభ అయినంక చూడుండ్రి. అయితే వస్తువులు బాగున్నయి అని మీతో అనిపించుకొని పోవడానికి మేము రాలేదు. ఈ పనిలో రెండు సంగతులున్నయి. ఒకటి మన ఆరోగ్యం, రెండోది మన కూలి. ఆ రెండు మీ ముందర పెడదామని వచ్చినం.

ముందుగాల ఒక మాట. పాత బట్టతోటి కొత్తది చేసుడు మనకు ఎవరో పట్నం వాళ్లు నేర్పిన విద్య కాదు. మన అమ్మమ్మలు బొంతలు కుట్టలేదా? నాలుగైదు పాత చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, చుట్టూ మడిచి, పెద్ద సూదితోటి వరుసగా టాకాలు వేసుకుంట పోయేది. ఎండకాలం కింద పరుచుకునేది, చలికాలం పైన కప్పుకునేది. బాలింతకు, పసిపిల్లకు పాత చీర ముక్కనే వాడేది, ఎందుకంటే ఉతికి ఉతికి మెత్తగైన నూలు బట్ట అంత సుఖం కొత్త బట్టలో ఉండది. బెంగాల్ల ఇట్లాంటి బొంతనే కాంతా అంటరు. పాత చీర అంచుల నుంచి రంగు దారాలు లాగి వాటితోనే పువ్వులు, చేపలు కుట్టేది. ఇవాళ అదే కాంతా పని చేసిన చీర దుకాణంలో వేలకు పోతది. పని ఒకటే. వాళ్లు దానికి పేరు పెట్టి రేటు పెట్టిండ్రు. మనం బొంత కుట్టి ఇంట్ల పెట్టుకున్నం.

బట్టలు పాతగైతే మనం ఏం చేస్తం? స్టీలు సామాన్ల ఆమె గంప నెత్తిన పెట్టుకొని వాడకట్టుకు వస్తది. పది చీరలు, నాలుగు ప్యాంట్లు ఇస్తే ఒక గిన్నె. ఆ గిన్నె కూడా పల్చటిది. ఆమె తప్పు లేదు, ఆమెదీ పొట్టతిప్పలే. ఆమె తీసుకపోయిన బట్టలు చేతులు మారి హైదరాబాద్‌ల జుమేరాత్ బజార్ లాంటి పాత సామాన్ల అంగళ్లకు పోతయి. ఎర్రగడ్డల ఆదివారం సంత చూసినోళ్లకు తెలుసు, పాత ప్యాంట్లు, పాత సంచులు కుప్పలు పోసి అమ్ముతరు. చినిగినవి మిల్లులకు, తుడుపు గుడ్డలకు పోతయి. హర్యానాల పానిపట్ అనే ఊరు ఉంది. దేశదేశాల నుంచి వచ్చిన పాత ఉన్ని బట్టలను అక్కడ ముక్కలు ముక్కలుగా చింపి, మళ్ల నూలు తీసి, రగ్గులు నేస్తరు. అంటే మనం గిన్నెకు ఇచ్చిన బట్ట మీద ఎంతమంది బతుకుతున్నరో చూడండి. ఆ వరుసలో మనం కూడా ఎందుకు ఉండొద్దు అనేదే మా ఆలోచన.

మన సంగారెడ్డి, పటాన్‌చెరు దిక్కు పాత బట్టకు కరువు లేదు. రామచంద్రాపురం నుంచి పాశమైలారం దాకా, ఇటు బొల్లారం, జిన్నారం దాకా కంపెనీలే కంపెనీలు. బీహార్, ఒడిశా, బెంగాల్ నుంచి వచ్చి కిరాయి గదులల్ల ఉండే పిల్లలు ఊరికి పోయేటప్పుడు జీన్స్ ప్యాంట్లు, దుప్పట్లు విడిచిపెట్టి పోతరు. ప్రతి వాడలో ఇద్దరు ముగ్గురు టైలర్లు ఉన్నరు, వాళ్ల దగ్గర బ్లౌజు పీసుల ముక్కలు మూటలు మూటలు. 2024లో సర్కారు బడి పిల్లల యూనిఫాంలు కుట్టే పని మహిళా సంఘాలకు ఇచ్చిండ్రు కద, ఆ కటింగు ముక్కలు ఉన్నయి. ఇగ మన ఇండ్లల్ల బతుకమ్మ చీరలు. 2017 నుంచి సిరిసిల్ల మరమగ్గాల మీద నేయించి ఇచ్చిన చీరలు కట్టుకున్నోళ్లు కట్టుకున్నరు, కొందరు పందులు రాకుండ చేను చుట్టూ కట్టిండ్రు. ఆ చీర పాలిస్టర్, నీళ్లు పీల్చది, కాళ్లు తుడిచే పట్టాకు పనికి రాదు. కానీ గట్టిది, రంగు తొందరగా పోదు. కూరగాయల సంచికి, మడిచి జేబులో పెట్టుకునే సంచికి అంత మంచి బట్ట లేదు.

మొదట్ల మా గ్రూపులనే మాట వచ్చింది. "ఎవరో విడిచిన బట్ట మేము ముట్టాలె? చచ్చిపోయినోళ్లదో, రోగమొచ్చినోళ్లదో ఏం తెలుసు?" అని. ఇంట్ల అత్తలు కూడా గునిగిండ్రు. వాళ్లను తప్పు పట్టం. ఆ భయం ఉత్తదేం కాదు. అందుకే ఒక కట్టు పెట్టుకున్నం. ఎక్కడి నుంచి వచ్చిందో తెల్వని బట్ట తీసుకోవద్దు. లోపల వేసుకునే బట్టలు, దవాఖాన బట్టలు తీసుకోవద్దు. తీసుకున్న బట్టను ఇంట్లకు తేకుండ, బయట్నే సబ్బు వేసి వేడి నీళ్లల్ల నానబెట్టి, ఉతికి, రెండు రోజులు మంచి ఎండకు ఆరేసి, ఇస్త్రీ చేసినంకనే కత్తెర పెట్టాలె. ఇట్ల చేసినంక ఆ గునుగుడు తగ్గింది. ఉతికి మడత పెట్టిన బట్ట కుప్ప చూస్తే అది ఎవరిదో ఎవరికీ గుర్తు రాదు.

ఇప్పుడు అసలు సంగతి, ఆరోగ్యం. అక్కలారా, ఈ ఒక్కటి మాత్రం ఇంటికి పోయినంక కూడా యాది పెట్టుకోండి.

మన ఇండ్లల్ల మగవాళ్లు, అన్నదమ్ములు చాలా మంది మందుల కంపెనీలు, రంగుల కంపెనీలు, కెమికల్ కంపెనీలల్ల చేస్తరు. వాళ్ల యూనిఫాం బట్ట గట్టిది, సంచికి బాగుంటది అనిపిస్తది. కెమికల్ దగ్గర పని చేసిన యూనిఫాం తీసుకోవద్దు. పొడి, ద్రావకం, రంగు పోగుల్ల దూరి ఉంటది. వాసన లేదు కద అనుకోవద్దు, అన్ని కెమికళ్లకు వాసన ఉండది. కొన్ని మందుల పొడులు చిటికెడంత కూడా అక్కర లేదు, అంతకన్నా తక్కువకే పనిచేస్తయి. ఆ బట్టను మనం చేతులతోటి ఉతుకుతం, ఆ నీళ్లు మన మోరీలకే పోతయి. ఆ బట్టతోటి పిల్లల బొమ్మ కుడితే పిల్ల దాన్ని నోట్ల పెట్టుకుంటది. ఆఫీసుల పనిచేసేటోళ్లది, సెక్యూరిటీ వాళ్లది, కెమికల్ అంటని ప్యాకింగ్ పని చేసేటోళ్లది అయితే అడిగి తెలుసుకొని తీసుకోవచ్చు.

ఇంకోటి పెద్ద తెల్ల జంబో సంచులు, వాటి లోపల ఉండే ప్లాస్టిక్ కవర్లు, నీలం డ్రమ్ములు. మన దిక్కు స్క్రాప్ దుకాణాలల్ల అగ్గువకు దొరుకుతయి. వానకాలం కప్పుకు పట్టా, వాకిట్ల చాప, బియ్యం పోసుకునే సంచి, నీళ్ల డ్రమ్ము, అన్నిటికీ వాడుతున్నం. ప్రమాదకరమైన కెమికల్ అంటిన ఖాళీ డ్రమ్ములు, సంచులు, లోపలి కవర్లు కూడా ప్రమాదకర వ్యర్థాలే అని 2016ల కేంద్రం తెచ్చిన నిబంధనలు చెప్తున్నయి. వాటిని అనుమతి ఉన్నవాళ్లకే ఇవ్వాలె, బజార్ల అమ్మరాదు. కడిగితే పోతది అనుకుంటం, పోదు. ప్లాస్టిక్కు కొన్ని కెమికళ్లను పీల్చుకొని మెల్లమెల్లగా విడుస్తది. జంబో సంచితోటి హ్యాండ్‌బ్యాగులు చేసే వీడియోలు ఫోన్ల చూసి చాలా మంది అడుగుతున్నరు. వాళ్ల ఊర్లల్ల ఆ సంచిలో ఉల్లిగడ్డలో, దాణానో ఉండొచ్చు. మన ఊర్లల్ల ఏముండెనో మనకు తెల్వదు. నక్కవాగు నీళ్ల గురించి 1990 నాటికే సుప్రీం కోర్టు దాకా కేసు పోయిన ప్రాంతం మనది. మన బావులు, మన పొలాలు ఎట్లైనయో మన పెద్దోళ్లకు తెలుసు. ఆ కంపెనీ చెత్తను మళ్ల మన చేతులతోనే ఇంట్లకు తెచ్చుకొని, కుట్టి, వేరే ఆడపిల్లకు అమ్మొద్దు. ఎంత అగ్గువకు దొరికినా ఒద్దు.

ఇగ బట్టను గుర్తుపట్టుడు. ఏ బట్టనో తెల్వకపోతే నాలుగు దారాలు లాగి, వాకిట్ల, పక్కన నీళ్ల బకెట్ పెట్టుకొని, పట్కారుతోటి పట్టి కాల్చి చూడాలె. నూలైతే కాగితం కాలిన వాసన వస్తది, మెత్తటి బూడిదైతది. పట్టైతే వెంట్రుకలు కాలిన వాసన వస్తది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలెక్క ముద్ద కడుతది. ఆ ముద్ద చేతి మీద పడితే గట్టిగ కాలుతది, పిల్లల్ని దగ్గరికి రానియ్యొద్దు.

నూలు చీరలు, లుంగీలు, దుప్పట్లు బొంతలకు, పట్టాలకు, రొట్టెలు చుట్టి పెట్టే గుడ్డలకు. పాలిస్టర్ చీరలు కూరగాయల సంచులకు. జీన్స్ ప్యాంట్లు చేతి సంచులకు, టిఫిన్ సంచులకు. జీన్స్ కాలు గొట్టం అట్లనే ఉంచి కింద కుట్టు వేస్తే సగం పని అయిపోయినట్టే, వెనక జేబు ఫోన్ పెట్టుకోవడానికి పనికొస్తది. మామూలు సూది పెడితే విరుగుతది, జీన్స్‌కు 16 లేదా 18 నంబర్ సూది పెట్టాలె. పల్చటి పట్టు బట్టకు 9 లేదా 11 చాలు. చీర ఫాల్ పారేయొద్దు, సంచి చేతికి లోపల వేసే పట్టీ అదే. పాత లంగా బట్ట అస్తరుకు. గుండీలు, హుక్కులు, జిప్పులు ఊడదీసి సీసాల వేసి పెట్టాలె, అవి కొనాలంటేనే పైసలు.

గద్వాల్ చీర ఉంటే తొందరపడి కొయ్యకండి. దాని ఒళ్లు నూలు, అంచు కొంగు పట్టు. ఒళ్లు చినిగినా అంచు బాగనే ఉంటది. ఆ అంచు తీసి కొత్త జాకెట్టుకో, పర్సుకో వేస్తే దాని విలువే వేరు. పాత పట్టు చీరల జరీ నిజమైంది అయితే దాంట్ల వెండి ఉంటది, అందుకే "పాత పట్టు చీరలు కొంటం" అని తిరిగేటోళ్లు తిరుగుతరు. కత్తెర పెట్టే ముందర గానీ, అమ్మే ముందర గానీ ఒకరిద్దరిని అడిగి చూసుకోండి. పోచంపల్లి, నారాయణపేట చీరల ముక్కలు చిన్నవైనా దాచిపెట్టండి. కమ్మలకు, గుండీలకు అగ్గిపెట్టంత ముక్క చాలు.

ఇప్పుడు రెండో సంగతి, కూలి. దీని మీదనే మా గ్రూపుల గట్టిగ లొల్లి అయింది.

ఒక దుకాణం ఆయన వచ్చి, అస్తరు, జిప్పు, జేబు ఉన్న సంచి ఒక్కొక్కటి 50 రూపాయలకు ఇస్తే ఎన్నైనా తీసుకుంట అన్నడు. "పాత బట్టనే కద, మీకు పడ్డది ఏముంది?" అన్నడు. సగం మంది ఒప్పుకుందాం అన్నరు, ఇంట్ల ఖాళీగ కూసునే బదులు 50 వస్తే పాపమా అని. సగం మంది ఒద్దన్నరు. అప్పుడు మేము మీటింగు పెట్టి, నోటుపుస్తకం తీసి, లెక్క వేసినం. ఆ లెక్క మీకు కూడా చెప్తం.

రోజు కూలి 400 అనుకుందాం, ఎనిమిది గంటల పని, అంటే గంటకు 50. ఉతుకుడు, ఆరేసుడు, ఇస్త్రీ, కటింగు, కుట్టుడు అంత కలిపి ఆ సంచికి గంటంబావు పడుతది. అంటే కూలి 62 రూపాయల 50 పైసలు. జిప్పు 10. దారం 3. సబ్బు, కరెంటు 4. సూది, మిషన్ ఆయిల్, రిపేరు కింద 2 రూపాయల 50 పైసలు. బట్ట జమ చేసి తెచ్చే ఆటో కిరాయి 5. మొత్తం 87. గ్రూపు నిధికి 8 వేస్తే 95. ఆయన ఇస్తనన్నది 50. బయటి ఖర్చులు 24 రూపాయల 50 పైసలు తీసేస్తే మన చేతికి వచ్చేది 25 రూపాయల 50 పైసలు, గంటంబావు పనికి. అంటే గంటకు ఇరవై రూపాయల చిల్లర. ఈ లెక్క చూసినంక ఒప్పుకుందాం అన్న అక్కలే, ఇంత తక్కువనా అన్నరు. బట్ట ఫ్రీ అని చెప్పి ఆయన మన చెయ్యిని కూడా ఫ్రీగ అడిగిండు.

ఒద్దని తిప్పి పంపలేదు, అది కూడా చెప్పాలె. పని పోగొట్టుకునే స్థితిల మనం లేము. ఆయన ముందర లెక్క పెట్టినం. 50కి కావాలంటే అస్తరు, జిప్పు లేని సంచి ఇస్తం, జిప్పు సంచి కావాలంటే 100 అన్నం. అస్తరు లేని సంచి ఒకేసారి ఇరవై కట్ చేసుకొని వరుసగా కుడితే ఒక్కోదానికి అరగంటకు మించది. కూలి 25, దారం 2, సబ్బు, కరెంటు 4, సూది మిషన్ 2, ఆటో 5, గ్రూపుకు 4, మొత్తం 42. 50కి ఇస్తే మనకు నష్టం లేదు. ఆయన మొదట అస్తరు లేనివి తీసుకున్నడు. జిప్పు సంచులు మేము స్టాళ్లల్ల 120కి అమ్ముతున్నం. అన్నీ పోతలేవు, ఆ మాట కూడా నిజమే. మెల్లగ పోతున్నయి. కానీ పోయిన ప్రతి సంచికి కూలి గిట్టుతుంది.

కాబట్టి మీరు ఏం చేసినా, గడియారం చూసి ఎంతసేపు పట్టిందో రాసుకోండి. మొదటి సంచికి రెండు గంటలు పడితే అది నేర్చుకునే టైము, రేటుకు లెక్క పట్టొద్దు. పదో సంచికి ఎంత పట్టిందో అది పట్టండి. మిషన్ మీద కూసోలేని పెద్దమ్మలు గుండీలు ఊడదీస్తరు, కుట్లు విప్పుతరు, చేతి టాకాలు వేస్తరు. వాళ్లది కూడా పనే, వాళ్ల గంటలు కూడా పుస్తకంల రాయాలె. "ఆమె ఊకె కూసొని చేస్తది" అనే మాట మన నోటి నుంచి రావొద్దు. ఆ మాట దుకాణం ఆయన మాటకు చెల్లెలే.

అమ్ముకునే జాగల గురించి. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నిటి మీద దేశమంత నిషేధం వచ్చింది. ఆ ఏడు డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్లకన్నా పల్చటి కవర్లు కూడా ఒద్దన్నరు. కవర్లు ఇంకా కనపడుతున్నయి, కాదనం. అయినా కిరాణం, మెడికల్ షాపు వాళ్లతోటి మాట్లాడటానికి మనకు ఒక దారి దొరికింది. పెళ్లిళ్లల్ల, గృహప్రవేశాలల్ల పసుపు కుంకుమ, రవికె గుడ్డ పెట్టి ఇచ్చే సంచులకు ఆర్డర్లు వస్తయి. వాటికి మాత్రం పాత చీరల్ల మంచి ముక్కలే వాడాలె, పాత బట్ట అని ముందే చెప్పాలె. చెప్పకుండ కొత్తదని అమ్మితే ఒక్కసారి అమ్ముతం, రెండోసారి ఎవరూ రారు. హైదరాబాద్‌ల శిల్పారామం దగ్గర ఇందిరా మహిళా శక్తి బజార్ ఉంది, సరస్ మేళాలు పెడుతరు. ఒక్క గ్రూపు సరుకు ఒక స్టాలుకు సరిపోదు. నాలుగు గ్రూపులు కలిస్తే సరిపోతది.

పాత బట్టను చిన్నచూపు చూసేటోళ్లకు ఒక మాట. ఢిల్లీల గూంజ్ అనే సంస్థ 1999ల మొదలైంది. పట్నాల పాత బట్టలు జమ చేసి, ఊర్లల్ల చెరువు పూడిక తీసుడో, రోడ్డు బాగుచేసుకునుడో చేసినోళ్లకు వాటిని ఇస్తది. పని చేసినందుకు ఇస్తరు, దానం కింద కాదు. మిగిలిన నూలు బట్టను శుభ్రం చేసి ఆడవాళ్ల నెలసరి గుడ్డలు చేస్తరు. ఆ సంస్థ పెట్టిన అంశు గుప్తాకు 2015ల మెగసెసే అవార్డు వచ్చింది. పాత గుడ్డ చిన్న సంగతి కాదని చెప్పడానికే ఇది చెప్పినం.

కొత్తగ మొదలుపెట్టే గ్రూపులకు మా సలహా. ముందుగాల అప్పు తీసుకొని పెద్ద మిషన్లు కొనకండి. మీ గ్రూపుల ఎవరింట్లనో రెండు మిషన్లు ఉంటయి, వాటితోటి మూడు నెలలు చేయండి. ఏ వస్తువు పోతుంది, ఏది పోతలేదు తెలుసుకోండి. ఆర్డరు చేతుల ఉన్నప్పుడే స్త్రీనిధి అప్పుకో, బ్యాంకు లింకేజీకో పోండి. వడ్డీ ఆగది కద, సంచి అమ్ముడుపోయేదాకా.

చివరిగ సమాఖ్యకు మా సంఘం నాలుగు కోరికలు పెడుతున్నది. ఒకటి, బట్టలు జమ చేసి, ఉతికి, ఆరేసుకోవడానికి నల్లా, ఎండ ఉన్న ఒక జాగ సమాఖ్య చూపించాలె. ఇరుకు ఇండ్లల్ల ఆ పని కాదు. రెండు, సంచులు కుట్టే గ్రూపులన్నీ కలిసి కింది రేటు ఒకటి రాసుకోవాలె. ఒక గ్రూపు 95 అంటే పక్క గ్రూపు 40కి ఇస్తే, ఇద్దరం మునుగుతం, లాభం దుకాణం ఆయనకు. మూడు, కెమికల్ అంటిన యూనిఫాం, జంబో సంచి, డ్రమ్ము, లోపలి కవరు ఏ గ్రూపూ వాడొద్దని తీర్మానం రాయాలె. కాలుష్య నియంత్రణ మండలి వాళ్లను పిలిచి, ఏది ముట్టొచ్చో ఏది ముట్టొద్దో మన ఆడవాళ్లకు తెలుగుల చెప్పించాలె. నాలుగు, చేతిపని చేసే పెద్దమ్మల గంటలు రాసే కాలం మన రికార్డు పుస్తకంల కొట్టించాలె.

వీటిల మొదటిదానికి డబ్బు కావాలె, టైము పడుతది. మిగిలిన మూడిటికి మన ఒప్పుకోలు చాలు. ఇవాళనే చేతులెత్తి తీర్మానం చేసుకోవచ్చు. చేస్తరని నమ్ముతున్నం.

సూది దారం తెచ్చుకున్న అక్కలు సభ అయినంక బల్ల దగ్గరికి రండి. జీన్స్ కాలుతోటి టిఫిన్ సంచి ఎట్ల కుట్టాల్నో అక్కడ్నే చూపిస్తం. కుట్టిన సంచి మీరే తీసుకపోవచ్చు, ఎంతసేపు పట్టిందో మాత్రం రాసుకొని పోవాలె.